స్టెప్నీ లేని కార్లు: మేకు దిగితే సరే, సైడ్‌వాల్ చిరిగితే?

కొత్త కారు డెలివరీ తీసుకునే రోజు పూలదండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, ఇంటిల్లిపాదీ నిలబడి ఫొటోలు. వీటితోనే గంట గడిచిపోతుంది. డిక్కీలో కింది అట్ట ఎత్తి చూసే తీరిక ఎవరికీ ఉండదు. చూస్తే, ఈమధ్య వస్తున్న చాలా మోడళ్లలో చక్రం ఉండాల్సిన గుంటలో ఒక ఫోమ్ అచ్చు, అందులో చిన్న కంప్రెసర్, పక్కనే ఒక సీసా కనిపిస్తాయి. స్టెప్నీ ఉండదు. అలాంటి కార్లలో చాలావాటికి జాకీ, వీల్ పానా కూడా ఇవ్వరు. మొదటిసారి టైరు దెబ్బతిన్న రోజున గానీ ఈ సంగతి తెలియని యజమానులు ఎందరో.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ 2020 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989కి చేసిన సవరణతోనే ఈ దారి తెరుచుకుంది. గరిష్ఠ బరువు 3.5 టన్నులు దాటని కారుకు ట్యూబ్‌లెస్ టైర్లుండి, టైర్లలో గాలి తగ్గితే డ్రైవర్‌కు చెప్పే వ్యవస్థ, అంటే టీపీఎంఎస్ ఉండి, దానికి తోడు పంక్చర్ రిపేర్ కిట్ కూడా ఇస్తే స్టెప్నీ అక్కర్లేదు. అంతర్జాతీయ పద్ధతి ఇలాగే ఉందని, మిగిలే చోటు విద్యుత్ కార్లలో బ్యాటరీ వంటివాటికి పనికొస్తుందని ప్రభుత్వం అప్పుడే చెప్పింది. లారీలకు, బస్సులకు ఈ వెసులుబాటు లేదు.

కిట్ ఉంటే స్టెప్నీ అక్కర్లేదన్న మాట దగ్గరే అసలు పేచీ. రెండూ ఒకే పని చేస్తాయన్నట్టు ఉంటుంది ఆ మాట. కిట్ బాగు చేయగలిగే పంక్చర్లు మన దగ్గర ఏనాడూ పెద్ద సమస్య కాదు. స్టెప్నీ నిజంగా ఆదుకునేది వేరే రకం దెబ్బల్లో. ఆ దెబ్బల ముందు కిట్ చేసేదేమీ లేదు.

కంపెనీలు స్టెప్నీని ఎందుకు వదిలించుకోవాలనుకుంటున్నాయో ముందు చూద్దాం. విద్యుత్ కార్ల విషయంలో కారణం సూటిగానే ఉంది. పెట్రోలు కారుగా పుట్టిన మోడల్‌నే విద్యుత్ కారుగా మార్చినప్పుడు బ్యాటరీ పెట్టెకు నేల కింద దొరికిన చోటల్లా కావాలి. టాటా టియాగో పెట్రోలు కారులో స్టెప్నీ ఉంటుంది, టియాగో ఈవీలో దాని బదులు కిట్ ఇస్తున్నారు. సీఎన్‌జీ కార్లదీ ఇదే ఇరుకు. ఒకప్పుడు పెద్ద సిలిండర్ ఒకటి డిక్కీ మొత్తం ఆక్రమించేది, సూట్‌కేస్ ఒళ్లో పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. ఇప్పుడు రెండు చిన్న సిలిండర్లను కిందికి దించి, పైన సామాను పెట్టుకునేలా చేస్తున్నారు. కిందికి దించడమంటే అంతవరకూ స్టెప్నీ ఉన్న గుంటలోకే. స్టెప్నీని కారు పొట్ట కిందికి మార్చినవాళ్లు కొందరు, పూర్తిగా తీసేసినవాళ్లు కొందరు.

బరువు సంగతి ఇంకొంచెం మెలికైనది. చిన్న కారు స్టెప్నీ, రిమ్ము, జాకీ, పానా అన్నీ కలిపితే సుమారు 15 కిలోలు. బరువు 10 శాతం తగ్గిస్తే ఇంధనం 6 నుంచి 8 శాతం ఆదా అవుతుందన్నది ఇంజనీర్లు వాడే మోటు లెక్క. ఆ లెక్కన 1,100 కిలోల కారులో 15 కిలోలు తగ్గితే మిగిలేది ఒక్క శాతం దాకా. లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండి 20.2 ఇస్తే కొన్నవాడికి తెలిసే తేడా కాదు. అయితే కంపెనీ లెక్క వేరు. ఒక ఏడాదిలో అమ్మిన కార్లన్నిటి సగటు కార్బన్ ఉద్గారం కిలోమీటరుకు ఇన్ని గ్రాములు దాటకూడదని కేఫ్ నిబంధనలున్నాయి. మొదట 130 గ్రాములుగా ఉన్న లక్ష్యాన్ని 2022-23 నుంచి 113కి బిగించారు. లక్షల కార్ల సగటులో గ్రాములో పదో వంతు కూడా లెక్కకొస్తుంది.

మూడో కారణాన్ని ఎవరూ ప్రకటనల్లో రాయరు: ఖర్చు. ఒక టైరు, స్టీల్ రిమ్ము, జాకీ, పానా కలిపి కంపెనీకి పడే ఖరీదు కంటే కంప్రెసరూ సీసా చౌక. తేడా బండికి కొద్ది వేలే కావచ్చు, ఏడాదికి లక్ష బండ్లు అమ్మే మోడల్‌లో అది కోట్లవుతుంది. స్టెప్నీ తీసేశాం కాబట్టి ధర ఇంత తగ్గించామని చెప్పిన షోరూమ్ మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇక కిట్ ఎలా పనిచేస్తుందో కాస్త వివరంగా చూడాలి. టైర్లో గుచ్చుకున్న మేకును పీకకూడదు, అలాగే ఉంచాలి. సీసాను కంప్రెసర్‌కు బిగించి, గొట్టాన్ని టైరు వాల్వుకు తగిలించి, వైరును కారులోని 12 వోల్టుల సాకెట్‌లో పెట్టి ఆన్ చేస్తే సీసాలోని ద్రవం ముందు లోపలికి పోతుంది. చూడ్డానికి చిక్కటి మజ్జిగలా ఉండే ఈ ద్రవం సాధారణంగా రబ్బరు పాలతో చేసిన సీలెంట్. అది వాల్వులోంచి దూరేటప్పుడు మీటరు ముల్లు ఒక్కసారిగా పైకి లేస్తుంది, కంగారు పడక్కర్లేదు, నిమిషంలో దిగుతుంది. తర్వాత గాలి ఎక్కడం మొదలవుతుంది. పది నిమిషాలు గడిచినా చెప్పిన మేరకు గాలి ఎక్కకపోతే దెబ్బ కిట్‌కు మించినదని అర్థం, ఆపేయాలి. ఎక్కితే వెంటనే బండి కదిలించాలి. చక్రం తిరిగితేనే ద్రవం టైరు లోపలంతా పరుచుకుని, కారుతున్న గాలి వెంట రంధ్రంలోకి వెళ్లి అక్కడ గడ్డకడుతుంది. కొన్ని కిలోమీటర్లు నడిపాక ఆగి మళ్లీ గాలి చూసుకోవాలి. నిలిచి ఉంటే వేగం 80 దాటకుండా పంక్చర్ షాపు దాకా వెళ్లొచ్చు. కారు మాన్యువల్స్‌లో రాసే హద్దు సుమారుగా ఇదీ: రంధ్రం నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్ల లోపు ఉండాలి, అదీ రోడ్డును తాకే ట్రెడ్ భాగంలోనే ఉండాలి.

మేకు, స్క్రూ, ముల్లు. ఈ హద్దులో ఇమిడే శత్రువులు ఇవే. ట్యూబ్‌లెస్ టైర్లు వచ్చాక వీటితో మనకున్న బాధ చాలావరకు తీరిపోయింది. మేకు దిగినా గాలి బుస్సున పోదు, మెల్లగా కారుతుంది. దారిలో ఎక్కడో ఒక చోట పాత టైరు వేలాడదీసి, సున్నంతో ‘పంక్చర్’ అని రాసిన బల్ల కనిపిస్తుంది. అక్కడి కుర్రాడు చక్రం విప్పకుండానే సబ్బు నీళ్లు పోసి బుడగ ఎక్కడొస్తోందో చూస్తాడు. మేకు పీకి, రంధ్రాన్ని గీకుడు పుల్లతో గరుకు చేసి, సొల్యూషన్ పూసిన స్ట్రిప్పును సూదితో లోపలికి దోపి, బయటికి మిగిలింది కోసేస్తాడు. పది నిమిషాల పని, వందో నూటయాభయ్యో తీసుకుంటాడు. ఆ స్ట్రిప్పుల సెట్టు కొనుక్కుని సొంతంగా వేసుకునేవాళ్లూ తక్కువేమీ లేరు. ఇలాంటి పంక్చర్లకు స్టెప్నీ కిందికి దించే అవసరం ఎప్పుడో పోయింది. కిట్ వచ్చి తీర్చింది ఈ తీరిపోయిన సమస్యనే.

స్టెప్నీ అవసరం పడేది మరోచోట. రాత్రి వానలో నీళ్లు నిండిన గుంత కనిపించక చక్రం దబ్బున దిగుతుంది. గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య టైరు నలిగిపోతుంది. లోపలి దారాలు తెగితే ఆ చోట ఉబ్బు వస్తుంది, లేదా నిలువునా చిరుగుతుంది. రిమ్ము వంగితే టైరుకూ రిమ్ముకూ మధ్య సందులోంచి గాలి పోతుంది. రోడ్డు పనుల దగ్గర బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వ, డివైడర్ అంచు, ఊళ్లలో సిమెంటు రోడ్డు పక్కన పదునుగా తేలిన కంకర టైరు పక్క భాగాన్ని, అంటే సైడ్‌వాల్‌ను కోసేస్తాయి. ఈ కోతలకు స్ట్రిప్పు పడదు, సీలెంట్ ఆగదు, కంప్రెసర్ ఎంత కొట్టినా అటునుంచి అటే పోతుంది. మరో చక్రం బిగించడం ఒక్కటే మార్గం.

ఈ రకం దెబ్బలు తగ్గే సూచనలూ లేవు, చక్రాల కొలతలు చూస్తే తెలుస్తుంది. టైరు మీద 215/60 ఆర్16 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 60 శాతం, అంటే 129 మిల్లీమీటర్లు. అదే వెడల్పులో 215/50 ఆర్18 వేస్తే గోడ ఎత్తు 107.5కి దిగుతుంది. రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య రెండు సెంటీమీటర్లకు పైగా రబ్బరూ గాలీ తగ్గాయన్నమాట. షోరూమ్‌లో పెద్ద అల్లాయ్ చక్రం అందంగా ఉంటుంది, అందుకే టాప్ వేరియంట్లకు అవే వేస్తారు. విద్యుత్ కారైతే దాని పెట్రోలు తోబుట్టువు కంటే రెండు మూడు వందల కిలోలు ఎక్కువ తూగుతుంది, గుంతలో పడ్డప్పుడు ఆ బరువంతా ఆ గోడ మీదే. బరువు పెరిగి, గోడ కురచైన బండ్లలోనే స్టెప్నీ ముందుగా మాయమవడం తర్కానికి అందదు.

కారు ఎక్కడ ఆగిందన్నదాన్ని బట్టి కూడా ఈ లోటు మారుతుంది. హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేస్తే హైవే సిబ్బంది వస్తారు, కంపెనీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వాళ్లు కారును ఎక్కించుకుపోయే ఫ్లాట్‌బెడ్ బండి పంపుతారు. ఆలస్యమవుతుంది గానీ ఇల్లు చేరతారు. అదే కారు శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటి, సాయంత్రం ఏడింటికి నల్లమల మలుపుల్లో రాయి కోసుకుని ఆగిందనుకోండి. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలను వదలరు. దారి పొడవునా ఫోను సిగ్నల్ ఉండదు. స్టెప్నీ ఉన్న కారు డ్రైవర్ టార్చి వెలుగులో అరగంట తంటాలు పడి బయల్దేరతాడు. లేని కారు డ్రైవర్ వెనక వచ్చే బండిని ఆపి, సిగ్నల్ ఉన్నచోటుకు కబురు పంపి ఎదురుచూడాలి. ఫ్లాట్‌బెడ్ వచ్చి అచ్చంపేటకు చేర్చిందనుకున్నా, ఆ ఊళ్లో 18 అంగుళాల టైరు అదే సైజులో దొరకాలి కదా. లేదంటే హైదరాబాద్ నుంచి తెప్పించే దాకా లాడ్జిలో మకాం. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందిగా అని సేల్స్‌మన్ చెప్పే భరోసా నగరం నుంచి దూరం పెరిగే కొద్దీ పలచబడుతుంది.

అలాగని పాత రోజులన్నీ బంగారం అనడానికీ లేదు. స్టెప్నీ ఉన్న కార్లలో ఎన్నిటికి అందులో గాలి ఉంటుంది? బంకులో నాలుగు చక్రాలకు గాలి పట్టించి డిక్కీ తెరవకుండానే వెళ్లిపోతాం. అవసరపడిన రోజు బయటికి తీస్తే అదీ మెత్తగా ఉంటుంది. ఎనిమిదేళ్లుగా వాడకుండా ఉన్న టైరు పైకి కొత్తగా కనిపించినా రబ్బరు గట్టిపడి ఉంటుంది. చక్రం విప్పడమూ అందరివల్లా కాదు. సర్వీసింగ్‌లో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు పానా మీద ఎక్కి నిలబడినా కదలవు. పెద్దవాళ్లకు, రాత్రిపూట ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లకు హైవే అంచున జాకీ ఎత్తడం కంటే చక్రం విప్పకుండా గాలి నింపుకుని కదిలిపోయే కిట్టే మేలు. పక్కనుంచి లారీలు దూసుకుపోతుంటే రోడ్డు వైపు చక్రం మార్చడం ప్రాణాలతో చెలగాటమే.

ఈ సవరణలో నిజంగా మెచ్చుకోవాల్సింది టీపీఎంఎస్. టైర్లు పేలడం చాలాసార్లు పంక్చర్‌తో మొదలవదు, తక్కువ గాలితో మొదలవుతుంది. గాలి తగ్గిన టైరు గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా మడతపడి వేడెక్కుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో సలసలలాడే రోడ్డు మీద నిండు లోడుతో గంటకు 100 వేగంలో గంటసేపు పోతే ఆ వేడికి రబ్బరు పొరలు విడిపోతాయి. ముందే డ్యాష్‌బోర్డులో పసుపు దీపం వెలిగి హెచ్చరించడం చిన్న విషయం కాదు. వాల్వు దగ్గర సెన్సర్ పెట్టి ఏ టైర్లో ఎంత గాలో అంకెలతో చూపించేది ఒక రకం. చక్రాలు తిరిగే వేగంలో తేడాను బట్టి ఏదో టైర్లో గాలి తగ్గిందని అంచనా వేసేది ఇంకో రకం, ఇది కొంచెం చౌక. కొనేటప్పుడు ఏది ఇస్తున్నారో అడిగితే మంచిది. అయితే టీపీఎంఎస్ రావడానికి స్టెప్నీ పోవాల్సిన అవసరం లేదు. ఆ రెండిటినీ ముడిపెట్టింది నిబంధనే.

బీఎండబ్ల్యూ వంటి ఖరీదైన కార్లు స్టెప్నీ లేకుండా చాలా ఏళ్లుగానే తిరుగుతున్నాయి, వాటి దారి రన్‌ఫ్లాట్ టైర్లు. గోడ ఎంత గట్టిగా ఉంటుందంటే గాలి మొత్తం పోయినా సుమారు 80 కిలోమీటర్ల దూరం, 80 వేగంలో నడపొచ్చు. ఆ గట్టిదనమే మామూలు రోజుల్లో కుదుపుగా నడుముకు తెలుస్తుంది, ధరా ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకవు. సామాన్యుడి కారుకు అవి రావు గనక ఇక్కడితో వదిలేద్దాం.

మనకు ఇప్పుడు ఎదురవుతున్నది అమెరికాలో పదేళ్ల కిందటే జరిగింది. 2006 మోడల్ కార్లలో స్టెప్నీ లేనివి 5 శాతం, 2015 మోడళ్లకు వచ్చేసరికి 36 శాతమని అక్కడి మోటారు వాహనదారుల సంఘం ఏఏఏ లెక్క తేల్చింది. కిట్లను పరీక్షించి, గోడ చిరిగితే అవి పనికిరావని, సీసాలోని సీలెంట్ నాలుగు నుంచి ఎనిమిదేళ్లలో పాడవుతుందని, ఒక్కసారి వాడితే పడే ఖర్చు మామూలు పంక్చర్‌కు పది రెట్లదాకా ఉండొచ్చని చెప్పింది. 2016లో స్టెప్నీ లేక ఆగిపోయిన కార్ల నుంచి తమకు వచ్చిన పిలుపులు 4.5 లక్షలు దాటాయంది. ఎటు చూసినా ఇళ్లు కనపడని అక్కడి హైవేల మీద అద్దె కారులో వెళ్తూ ఈ అనుభవం చవిచూసిన తెలుగువాళ్లూ ఉంటారు. అక్కడికంటే మనకున్న అదృష్టం అడుగడుగునా పంక్చర్ షాపు, దురదృష్టం అడుగడుగునా గుంత.

బుకింగ్ డబ్బులు కట్టకముందే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘నేను తీసుకునే వేరియంట్‌లో స్టెప్నీ ఉందా?’ మోడల్‌లో ఉందంటే చాలదు. ఒకే మోడల్‌లో పెట్రోలుకు ఉండి సీఎన్‌జీకి, ఈవీకి లేకపోవచ్చు. లేదని చెబితే, విడిగా కొంటే ఎంత, జాకీ పానా కలిపేనా అని అడగాలి. బయట మార్కెట్లో పాత రిమ్ము చవగ్గా దొరుకుతుంది గానీ నట్ల సంఖ్య ఒకటైతే సరిపోదు. నట్ల మధ్య దూరం, నడిమి రంధ్రం, టైరు మొత్తం ఎత్తు కుదరాలి. ఎత్తు తేడా వస్తే, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ తికమకపడుతుంది.

కిట్‌తోనే సరిపెట్టుకునేవాళ్లు సీసా మీది గడువు తేదీ చూసుకోవాలి. మన ఎండల్లో డిక్కీ ఎంత కాగుతుందో తెలిసిందే, తేదీ దాటిన సీసా మీద నమ్మకం పెట్టుకోలేం. ఒకసారి వాడిన సీసా అక్కడితో సరి, కొత్తది కొనాలి. పంక్చర్ షాపులో టైరు విప్పకముందే లోపల సీలెంట్ ఉందని చెప్పాలి. చెప్పకపోతే ఆ జిగురంతా అతని చేతుల మీద, బట్టల మీద చిమ్ముతుంది, అతను తిట్టుకోవడం న్యాయమే. సెన్సర్ ఉన్న టైరైతే దానికి అంటిన జిగురు కూడా తుడిపించుకోవాలి. ఈవీ అయితే ఇంకో మాట చెప్పాలి: జాకీ ఎక్కడ పెట్టాలో. పాత అలవాటు కొద్దీ నేల మధ్యకు జాకీ తోస్తే అది ఎత్తేది బ్యాటరీ పెట్టెను. దానికి సొట్టపడితే వచ్చే బిల్లు ముందు జీవితకాలపు పంక్చర్ల ఖర్చంతా చిల్లర.

విడిగా స్టెప్నీ కొని డిక్కీలో ఊరికే పడేయడం మాత్రం ప్రమాదం. గట్టిగా బ్రేకు వేస్తే ఆ బరువైన చక్రం వెనక సీటును గుద్దుతుంది, బండి దేన్నయినా ఢీకొంటే ఇంకా దారుణం. దాన్ని కట్టెయ్యడానికి నేలలో గట్టి కొక్కేలు కావాలి, అవి అన్ని కార్లలోనూ లేవు. స్టెప్నీ తీసేసే హక్కు కంపెనీలకు నిబంధనే ఇచ్చింది. కొనుక్కునేవాడికి ఆ చక్రాన్ని ధర కట్టి అమ్మడం, దాన్ని బిగించుకునే ఏర్పాటు డిక్కీలోనే ఉంచడం వాళ్లకు భారమయ్యే పని కాదు. తదుపరి సవరణలో ఈ రెండూ చేరిస్తే, స్టెప్నీ కావాలో కిట్ చాలో తేల్చుకునే వీలు ఆ బండి ఏ దారుల్లో తిరుగుతుందో తెలిసిన యజమానికి దక్కుతుంది.